లింగాకర్షక బుట్ట సరే, మరి చీమల బారుని ఏమనాలి?

సందేహం: గురువుగారూ నమస్తే. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పత్తి చేలో పెట్టే ఫెరోమోన్ ట్రాప్‌ని పేపర్లలో లింగాకర్షక బుట్ట అని రాస్తారు కదా, ఆ అలవాటులో క్లాసులో ఫెరోమోన్ అంటే లింగాకర్షక పదార్థం అని చెప్పేశాను. ఒక పిల్ల లేచి "చీమలు బారు కట్టేది కూడా దాంతోనే అన్నారు కదా సార్, మరి అక్కడ లింగం ఏముంది" అంది. క్లాసంతా నవ్వు, నాకేమో జవాబు రాలేదు. వాసన అనేస్తే సరిపోతుందా? పసిగట్టడం అనే మాటకీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

సమాధానం: ముందు ఆ పిల్లకి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి. అడిగింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

లింగాకర్షక బుట్ట అనే మాటలో తప్పేం లేదండీ, తప్పల్లా దాన్ని ఫెరోమోన్ మొత్తానికి, అంటే ఒక జీవి తన జాతి వాటికి సంకేతంగా వదిలే ప్రతి పదార్థానికీ, అంటగట్టడంలోనే ఉంది. ఆ బుట్టలో పెట్టే ఎర గులాబీ రంగు పురుగు ఆడ రెక్కల పురుగు విడిచే పదార్థానికి నకలు, దానికి మోసపోయి మగవి వచ్చి పడతాయి, అంటే అక్కడ జరిగేది నిజంగానే లింగాకర్షణ. బుట్టకి ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడ్డాయంటే మందు కొట్టాల్సిన టైం వచ్చిందని లెక్క. రైతులకి ఈ మాట నోటికి బాగా అలవాటైంది, దాన్ని మార్చమని నేను చెప్పను. పిల్లలు నవ్వితే సంస్కృతంలో లింగం అంటే గుర్తు, చిహ్నం అని అసలు అర్థం చెప్పండి, వ్యాకరణంలో పుంలింగం స్త్రీలింగం అన్నా అదే కదా.

చీమల సంగతి వేరు. దారి గుర్తుకి ఒకటి, ప్రమాదం వచ్చిందని చెప్పడానికి ఇంకోటి, ఇలా వాటి దగ్గర రకరకాలుంటాయి. మీ వంటింటి గట్టు మీద చీమల బారు కనిపిస్తే మధ్యలో ఒక జానెడు మేర సబ్బు గుడ్డతో తుడిచి చూడండి, అటు నుంచి వచ్చేవి అక్కడికి రాగానే ఆగిపోయి మీసాలు ఆడిస్తూ అటూ ఇటూ తిరుగుతాయి, కాసేపటికి ఏదో ఒకటి దాటుతుంది, మళ్ళీ బారు అతుక్కుంటుంది. మీరు చెరిపింది వాటి రోడ్డునే. చచ్చిన చీమలోంచి ఒలీయిక్ ఆమ్లం పుడుతుంది, ఆ వాసన తగిలితే మిగతావి దాన్ని ఈడ్చుకెళ్ళి చెత్తకుప్పలో పడేస్తాయి. ఎడ్వర్డ్ విల్సన్ అనే సైంటిస్టు అదే ఆమ్లాన్ని బతికున్న చీమకి పూస్తే అది కాళ్ళు కొట్టుకుంటున్నా వదలకుండా మోసుకెళ్ళి పారేశాయట! దీన్ని ఏ లింగాకర్షణ కింద రాస్తాం?

ఫెరోమోన్ అనే పేరు 1959లో కార్ల్‌సన్, లూషర్ అనే ఇద్దరు పెట్టారు, మోసుకెళ్ళడం, కదిలించడం అనే రెండు గ్రీకు మాటలు కలిపి. ఒక జీవి బయటికి వదిలితే అదే జాతిలోని ఇంకో జీవి ప్రవర్తననో ఒంటి తీరునో మార్చేది అని అర్థం. అదే ఏడాది బూటెనాంట్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త బృందం పట్టుపురుగు ఆడ సీతాకోకల నుంచి మొట్టమొదటిదాన్ని బయటికి తీసింది. రవ్వంత పదార్థం కోసం దాదాపు 5 లక్షల పురుగులు, ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఇక వాసన. ఇందులో ఒక చిక్కుంది. మనకిప్పుడు "వాసనొస్తోంది" అంటే చాలు, అది కంపే. ఆ కంపుకి కూడా ఒకప్పుడు మంచి రోజులుండేవి, కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. తమిళంలో నాట్రం కూడా ఇలాగే దిగజారింది, ముక్కుకి సంబంధించిన మాటలకి ఈ శాపం ఉన్నట్టుంది. అదీగాక ఫెరోమోన్ అన్నీ ముక్కుకి తెలిసే వాసనలు కావు. రాణి ఈగ ఒంటి మీది పదార్థాన్ని పనిఈగలు నాకి, మూతికి మూతి తాకించుకుని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. కాబట్టి వివరించేటప్పుడు వాసన సంకేతం అనండి ఫర్వాలేదు, పేరు మాత్రం ఫెరోమోన్ అనే ఉంచేయండి. హార్మోన్‌ని తెలుగు చేసుకోకుండానే బతుకుతున్నాం కదా.

పసిగట్టడం గురించి అడిగారు చూడండీ, అది నాకు భలే నచ్చింది. పసి అంటే పాత నిఘంటువుల్లో పశువులు అనీ, పశువుల మీదుగా వచ్చే గాలి అనీ ఉంటుంది. పసిబిడ్డలోని పసి వేరే మాట. పులి గాలివాటున మందని కనిపెట్టడమే పసిగట్టడం, ఇప్పుడు పోలీసులు కుట్రని పసిగడుతున్నారు. కానీ పులికీ ఆవుకీ మధ్య నడిచేది ఫెరోమోన్ కాదు, జాతులు వేరు కదా, ఆవు పులికి ఏమీ చెప్పాలనుకోవట్లేదు. ఎదకొచ్చిన గేదె ఉచ్చని దున్నపోతు మూజూసి, మెడ చాచి పై పెదవి మడిచి ఆకాశంలోకి చూస్తూ నిలబడుతుందే, అది ఆ గాలిని ముక్కు అడుగునున్న వేరే అవయవానికి అందించడం. ఫెరోమోన్ అంటే ఈ లెక్క.

ఎద అన్నాను కాబట్టి ఒక ముచ్చట. కవిగారి ఎద గుండె, రైతు ఎద ఇది. మాట ఒకటే, సందర్భాన్ని బట్టి ఎవరూ పొరపాటు పడరు. మన ఆసియా ఏనుగుల్లో ఆడది ఎదకొచ్చినప్పుడు ఉచ్చలో వచ్చే రసాయనం, చాలా జాతుల ఆడ రెక్కల పురుగులు వదిలేదీ అచ్చంగా ఒక్కటేనని 1996లో తేలింది. అయినా ఏనుగు పురుగు వెంట పడదు.

మనుషుల విషయంలో మాత్రం పిల్లలకి జాగ్రత్తగా చెప్పండి. ఫెరోమోన్ సెంటు అని ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళున్నారు గానీ మనిషి ఫెరోమోన్ ఇదీ అని ఖాయంగా తేలింది ఇంతవరకు ఒక్కటీ లేదు. హాస్టల్ అమ్మాయిల నెలసరులు ఒకేసారికి వస్తాయని 1971లో మెక్‌క్లింటాక్ అనే పరిశోధకురాలు రాసింది చాలా పాపులర్, తర్వాతి పరిశీలనల్లో అది నిలబడలేదు. దున్నపోతు వాడే ఆ అవయవం పెద్దయ్యాక మనలో పనిచేసే స్థితిలో ఉన్నట్టు లేదు. చంటిబిడ్డ తల్లి వాసన గుర్తుపడుతుంది, నిజమే, కానీ అది ఆ ఒక్క తల్లిది, నేర్చుకున్న గుర్తు. దాన్ని తల్లి వాసన అనే అనండి, అంతకన్నా మంచి మాట నాకైతే తట్టట్లేదు.

అన్నట్టు బహువచనం ఫెరోమోన్లు అంటే చాలు, ఫెరోమోనులు అని సాగదీయక్కర్లేదు.