బాత్‌రూమ్ టైల్స్ మార్చేటప్పుడు

ప్రశ్న: మా మేడమీది బాత్‌రూమ్ కింద, హాలు సీలింగ్‌పై చెమ్మ మరకలు కనిపిస్తున్నాయి. పాత టైల్స్ మీదే కొత్తవి అతికిస్తే సరిపోతుందని మేస్త్రీ గారు అంటున్నారు. అలా చేయించవచ్చునా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి చేయించకండి. చెమ్మ కిందికి దిగుతున్నదంటే లోపం టైల్స్ అడుగునో, పైపుల్లోనో ఉంటుంది కనుక, పాతవాటిని శ్లాబు కనిపించేదాకా తీయించి, పైపుల అతుకులను, నీరు బయటికి పోయే జాలీ చుట్టూ ఉన్న సందులను సరిచేయించిన తరువాతే, గోడల మీదికి కూడా కనీసం ఒక అడుగు ఎత్తు వచ్చేలా వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించండి. పూత పూర్తిగా ఆరాక జాలీ మూసి, నీరు నింపి, 24 గంటల తరువాత కింది సీలింగును స్వయంగా పరిశీలించండి; పని ఆలస్యమవుతుందని ఎవరెంత తొందరపెట్టినా ఈ పరీక్షను మాత్రం వదలవద్దు. నేల వాలు జాలీ వైపు మీటరుకు 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి. విట్రిఫైడ్ టైల్స్ నీటిని దాదాపు పీల్చవు కాబట్టి వాటికి సిమెంటు పాలు సరిగా పట్టవు, టైల్స్ అతికించే ప్రత్యేక జిగురు (టైల్ అడ్హెసివ్) వాడించండి. నేలకు గరుకు రకమే తీసుకోండి. అతికించినది గట్టిపడ్డాక ఒక్కొక్క టైల్‌ను నాణెంతో తట్టి చూసి, బోలుగా మోగినదాన్ని టైల్స్ మధ్య సందుల్లో గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపకముందే మార్పించండి.