ముక్కులో పాలిప్స్ మళ్లీ మళ్లీ వస్తుంటే బయోలాజిక్ ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది?
ఆపరేషన్ చేసినా పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే మెత్తని కండలు) తిరిగి పెరగడానికి కారణం లోపలి వాపు అలాగే మిగిలిపోవడం. చాలామందిలో ఆ వాపును నడిపించేవి ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-5 అనే ప్రోటీన్లు. ఇలాంటి వాటిని గురిపెట్టి అడ్డుకునేలా జీవకణాలతో తయారుచేసే మందులే బయోలాజిక్‌లు. వాటిలో ఒకటైన డుపిలుమాబ్ మొదటి రెండింటి సంకేతాలు కణాలకు అందకుండా అడ్డుకుంటుంది. అమెరికాలో 2019లో ఈ జబ్బుకు అనుమతి పొందిన తొలి బయోలాజిక్ ఇదే. పెద్దవాళ్లకు 300 మిల్లీగ్రాములు, రెండు వారాలకోసారి చర్మం కింద ఇస్తారు. మెపోలిజుమాబ్ ఐఎల్-5ను, ఒమాలిజుమాబ్ అలర్జీలో పాత్ర ఉన్న ఐజీఈ అనే యాంటీబాడీని అడ్డుకుంటాయి.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లాభం, పోయిన వాసన చాలామందికి తిరిగి తెలియడం. ఏళ్ల తరబడి వాసన లేకుండా బతకడం ఎంత బాధో పడినవాళ్లకే తెలుసు.

స్టెరాయిడ్ స్ప్రే మాత్రం మానకూడదు. ఇంజెక్షన్ ఆపితే పాలిప్స్ మళ్లీ రావచ్చు. డుపిలుమాబ్ వాడుతుండగా కళ్లు ఎర్రబడితే వెంటనే డాక్టర్‌కు చెప్పండి.