కోడ్ రాకపోతే ముందు సిమ్ సంగతి చూడండి

ప్రశ్న: అన్నా, మా ఆయన ఇన్నాళ్లూ కువైట్‌లో ఉండి ఈమధ్యే దుబాయ్ కంపెనీకి మారారు. నా పాత ఫోన్ పగిలిపోతే, ఊరికొస్తున్న వాళ్ల చేత కొత్త ఫోన్ పంపారు. అందులో వాట్సాప్ వేసి నా నంబరు కొడితే కోడ్ రావడం లేదు. మళ్లీ మళ్లీ నొక్కాను. ఇప్పుడు కొన్ని గంటలు ఆగమని చూపిస్తోంది. మా మరిది ఫోన్ నుంచి ఆయనకు వాట్సాప్ కాల్ చేసినా కలవడం లేదు. షాపతను ఈ ఫోనే పనికిరాదు, మార్చేయమంటున్నాడు. పిల్లలు నాన్నతో మాట్లాడాలని ఒకటే గొడవ. ఏం చేయాలి?
– ఒక సోదరి, మెట్‌పల్లి

జవాబు: చెల్లెమ్మా, ఫోన్ మార్చకండి. మీకు వచ్చినవి రెండు వేర్వేరు ఇబ్బందులు, రెండింటిలోనూ ఫోన్ తప్పు కనిపించడం లేదు. కరీంనగర్‌లో మా దుకాణానికి గల్ఫ్ కుటుంబాల వాళ్లు ఎక్కువగా వస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను మొదట అడిగేది ఒకటే: ఆ నంబరు ఎవరిది, ఆ సిమ్ ఇప్పుడు ఎక్కడుంది? కోడ్ వచ్చేది సిమ్‌కు. యాప్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా లాభం ఉండదు.

ముందు ఆ బటన్ నొక్కడం ఆపండి. నొక్కినకొద్దీ ఆగాల్సిన సమయం పెరుగుతుంది. స్క్రీన్ మీద చూపిస్తున్న గడువు అయిపోయేదాకా దాని జోలికి పోవద్దు. ఈలోగా సిమ్‌ను పరీక్షించుకోండి. పక్కింటి వాళ్ల ఫోన్ నుంచి మీ నంబరుకు మామూలు ఎస్సెమ్మెస్ ఒకటి పంపించమనండి. వాట్సాప్ మెసేజ్ కాదు, మామూలు మెసేజ్. అది రాలేదంటే రీచార్జ్ గడువు చూసుకోండి. గడువు ముగియగానే మన కాల్స్ పోవడం ఆగుతుంది, కొన్నాళ్లకు వచ్చేవీ ఆగిపోతాయి. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లు నెట్ నడుస్తోంది కదా అని రీచార్జ్ మరిచిపోతారు. సిమ్ మూగబోయిన సంగతి ఇదిగో, ఇలాంటప్పుడే బయటపడుతుంది.

ఎస్సెమ్మెస్ వచ్చిందా? అయితే నంబరు కొట్టిన చోటికి వెళ్లండి. మీ ఫోన్ దుబాయ్ నుంచి వచ్చింది అన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం. నంబరు పెట్టె పైన దేశం పేరు ఉంటుంది. అక్కడ యుఏఈ, +971 అని ఉందేమో చూడండి. అలా ఉంటే మీ పది అంకెలూ సరిగ్గా కొట్టినా యాప్ దాన్ని దుబాయ్ నంబరనే అనుకుంటుంది. దాన్ని ఇండియాకు మార్చితే +91 దానంతటదే వస్తుంది. తర్వాత పది అంకెలే కొట్టాలి. ముందు సున్నా పెట్టకూడదు, 91 మళ్లీ కొట్టకూడదు. కోడ్ పంపేముందు ‘ఈ నంబరు సరైనదేనా’ అని యాప్ ఒకసారి అడుగుతుంది. అక్కడ తొందరపడి ఓకే కొట్టేస్తారు చాలామంది. మీరు మాత్రం ఆ నంబరును ప్లస్ గుర్తు నుంచి చివరి అంకె దాకా పైకి చదవండి, పక్కన పిల్లలుంటే వాళ్లను కూడా చూడమనండి.

ఇంతా సరిగ్గా ఉండి కోడ్ ఒక్కటే రాకపోతే, మెసేజ్‌ల యాప్‌లో ‘స్పామ్, బ్లాక్’ అనే విడి అర ఉంటుంది, అందులో వెతకండి. అక్కడా లేకపోతే ఎస్సెమ్మెస్‌కు బదులు కాల్ ద్వారా కోడ్ చెప్పమని అడిగే వీలుంది. ఆ కాల్ తెలియని నంబరు నుంచి వస్తుంది. మోసాల భయంతో తెలియని నంబర్లను ఆపే యాప్‌లు వేసుకున్నవాళ్లకు ఆ కాల్ మోగకుండానే పోతుంది. ఆ కాసేపు వాటిని ఆపి ఉంచండి, అయ్యాక మళ్లీ పెట్టుకోండి. ఫోన్‌లో తేదీ, టైమ్ కూడా ఒకసారి చూడండి. తేదీ తప్పుగా ఉంటే వాట్సాప్ ముందుకు కదలదు.

కోడ్ కొట్టాక ఇంకో ఆరు అంకెల పిన్ అడగవచ్చు. అది ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ కాదు. పాత ఫోన్‌లో మీరో, మీకు యాప్ వేసిచ్చిన వాళ్లో పెట్టిన రహస్య సంఖ్య. ఈ మాట చెప్పేటప్పుడు నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆడవాళ్ల ఫోన్లలో ఆ పిన్, దానికి జత చేసిన మెయిల్ చాలాసార్లు షాపు కుర్రాడివో, దూరపు బంధువువో అయి ఉంటాయి. మెయిల్ మీదే అయితే దాని ద్వారా పిన్ మార్చుకోవచ్చు. మెయిల్ ఏదీ ఇవ్వకపోతే 7 రోజులు ఆగితే కొత్త పిన్ పెట్టుకోనిస్తుంది. ఈసారి పిన్ మీరే పెట్టండి, ఇంట్లో మీకు మాత్రమే తెలిసిన చోట రాసి ఉంచుకోండి.

ఇక మరిది ఫోన్ నుంచి కాల్ కలవకపోవడం. కువైట్‌లో ఉన్నన్నాళ్లూ వాట్సాప్ కాల్ కలిసేది కాబట్టి మీకు ఇది కొత్తగా ఉంది. యుఏఈలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్‌ను అనుమతించరు. మెసేజ్‌లు, ఫొటోలు, రికార్డు చేసి పంపే వాయిస్ మెసేజ్‌లు మాత్రం చక్కగా వెళ్తాయి. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వేరే ఉన్నాయి. ఆయన ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ అదే యాప్ ఉండాలి. దానికీ మీ నంబరుతోనే నమోదు, మళ్లీ కోడ్, మళ్లీ పైన చెప్పిన జాగ్రత్తలే.

వీపీఎన్ (ఐపీ అడ్రసును, అంటే ఇంటర్నెట్‌లో మన ఫోన్‌ను గుర్తించే చిరునామాను, మార్చి చూపించే యాప్) వేసుకుంటే వాట్సాప్ కాల్ కలుస్తుందని గదిలో వాళ్లు ఆయనకు చెప్పే ఉంటారు. దయచేసి వద్దనండి. నేరం చేయడానికో, దాన్ని బయటపడకుండా దాచడానికో ఐపీ అడ్రసు మార్చి వాడితే, ఆ దేశం 2021లో తెచ్చిన సైబర్ నేరాల చట్టం కింద 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది, జైలు కూడా. అప్పు చేసి వీసా తెచ్చుకున్న మనిషి ఒక్క కాల్ కోసం అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోకూడదు. అనుమతి ఉన్న యాప్ కుదిరేదాకా పిల్లల చేత వాయిస్ మెసేజ్‌లు పంపించండి. డ్యూటీ దిగాక ఆయన తీరిగ్గా వింటారు.

ప్రశ్న: అమ్మకు పాత జియోఫోన్ ఉంది, బటన్లది. అందులో వాట్సాప్ మళ్లీ రావాలంటే ఏం చేయాలి?
– ఇంటర్ విద్యార్థి, ఆదోని

జవాబు: రాదు బాబూ. ఆ రకం ఫోన్లలో కొత్తగా వాట్సాప్ వేసుకోవడం 2024 జూన్‌లోనే ఆగింది. అంతకుముందు వేసుకున్నవాళ్లకూ 2025లో ఆగిపోయింది. ఎవరైనా డబ్బులు తీసుకుని వేసిస్తామంటే ఇవ్వకండి.

ప్రశ్న: తెనాలిలో ఉంటాం. నేను, నా భార్య ఆరు నెలలకు డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి సిమ్ తీసుకుని వాట్సాప్ దాని మీదికి మార్చుకోమని అబ్బాయి అంటున్నాడు. మార్చుకోవాలా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఆరు నెలలకే అయితే మార్చుకోకండి. అక్కడి నంబరు తిరిగొచ్చేటప్పుడు వదిలేస్తారు. దానికి ముడిపెట్టిన వాట్సాప్ కూడా మీ చేతిలో ఉండదు. ఇండియా సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచి, అక్కడిది రెండో సిమ్‌గా వేసుకోండి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, ఆరు నెలలూ దాటేంత గడువున్న రీచార్జ్ చేయించండి. అక్కడ ఫోన్ పాడై కొత్తది కొంటే, కోడ్ రావాల్సింది ఈ సిమ్‌కే. బ్యాంకు ఓటీపీలు, పెన్షన్ ఖాతా మెసేజ్‌లు కూడా దీనికే వస్తాయి.

రీచార్జ్ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మూసేసిన నంబరును కొన్నాళ్లకు కంపెనీలు వేరేవాళ్లకు ఇస్తాయి. కనీసం 90 రోజుల దాకా ఇవ్వరని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా పోవచ్చు. వాళ్లు ఆ నంబరుతో వాట్సాప్ తెరిచిన రోజున మీ ఫోన్‌లోది ఆగిపోతుంది. ఇరవై ఏళ్లుగా మీ శిష్యులందరి దగ్గరా ఉన్న నంబరు అది, పోగొట్టుకోకండి. అక్కడే స్థిరపడేట్టయితే మాత్రం రెండు సిమ్‌లూ పనిచేస్తున్నప్పుడే సెట్టింగ్స్‌లో ‘చేంజ్ నంబర్’ ద్వారా మార్చుకోండి.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో కోడ్ పంపామంటోంది, మెసేజ్ రావడం లేదు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీ పాత ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో టెలిగ్రామ్ తెరిచే ఉంటే కోడ్ ముందు ఆ యాప్ లోపలికే వెళ్తుంది. అక్కడ చూడండి.

ప్రశ్న: మా పిన్ని నంబరు నుంచి ‘నా ఫోన్ రిజిస్టర్ చేస్తుంటే ఆరు అంకెల కోడ్ పొరపాటున నీకు వచ్చింది, పంపవా’ అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పంపాను. అరగంటలో నా వాట్సాప్ పోయింది. ఇప్పుడు నా పేరుతో అందరినీ డబ్బులు అడుగుతున్నారు. చాలా భయంగా ఉంది.
– ఒక ఉద్యోగిని, రాజమండ్రి

జవాబు: తల్లీ, భయపడకండి. ఇది తెలిసిన మనుషుల పేరుతో చేసే మోసం, మీ పిన్ని వాట్సాప్ కూడా ఇలాగే పోయి ఉంటుంది. ఆమెకు మామూలు కాల్ చేసి చెప్పండి.

మీ సిమ్ మీ దగ్గరే ఉంది కదా, అదే మీకు బలం. ఇప్పుడే మీ ఫోన్‌లో వాట్సాప్ తెరిచి మీ నంబరుతో మళ్లీ నమోదు చేసుకోండి. కొత్త కోడ్ మీ సిమ్‌కే వస్తుంది. అది కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు పిన్ పెట్టి ఉంటే మీరు 7 రోజులు ఆగాల్సి రావచ్చు, కానీ ఆ ఏడు రోజులూ వాడు కూడా లోపలికి రాలేడు. లోపలికి వెళ్లాక ‘లింక్డ్ డివైసెస్’ (మీ వాట్సాప్‌కు జతచేసిన వేరే ఫోన్లు, కంప్యూటర్ల జాబితా) తెరిచి మీవి కానివన్నీ తీసేయండి, మీ పిన్ మీరు పెట్టుకోండి. ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ కూడా చూడండి. కోడ్ చెప్పే కాల్‌ను తమ నంబరుకు మళ్లించుకునేవాళ్లూ ఉన్నారు.

ఈలోగా బంధువులకు, ఆఫీసులో వాళ్లకు మామూలు ఎస్సెమ్మెస్ ద్వారా సంగతి చెప్పండి. ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే వాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ముందుకు పోకుండా ఆపే అవకాశం అంత ఉంటుంది. ఈ జవాబు అచ్చులో వచ్చేదాకా ఆగకూడదని మీకు విడిగా కూడా రాసి పంపాను. అందిందని ఒక్క మాట తెలియజేయండి.