స్కూలు గవర్నర్‌గా పేరు ఇమ్మంటున్నారు, ఇవ్వవచ్చునా?

ప్రశ్న: మేము ఇంగ్లండుకు వచ్చి పదకొండు నెలలైంది. మా అమ్మాయి ఇక్కడి ప్రైమరీ స్కూలులో ఇయర్ వన్ చదువుతోంది. స్కూలు పాలకమండలిలో తల్లిదండ్రుల తరఫున కూర్చునే పేరెంట్ గవర్నర్ స్థానం ఖాళీ అయిందని, ఇష్టమున్నవారు పేరు ఇవ్వవచ్చునని స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. నాకు ఉద్యోగం లేదు, పగలంతా ఒంటరిగానే ఉంటాను. జీతం లేని ఈ పనిలో చేరితే నలుగురితో పరిచయమవుతుందా? నా ఇంగ్లీషు సరిపోతుందా?

జవాబు: మీరు జీతం సంగతీ ఇంగ్లీషు సంగతీ అడిగారు కానీ, మీ అసలు బాధ ‘పగలంతా ఒంటరిగానే’ అన్న మాటలో ఉన్నది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను 2009లో మిల్టన్ కీన్స్‌కు వచ్చాను. అంతకు ముందు తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. అక్కడ వీధి చివరికి వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చుకోవడానికి అరగంట పట్టేది. దారిలో పలకరించేవారు అంతమంది. ఇక్కడ బాబును బడిలో దింపి వచ్చి తలుపు వేసుకుంటే, మధ్యాహ్నం మూడుంబావుకు మళ్లీ గేటు దగ్గర నిలబడేవరకు నోరు విప్పే పని ఉండేది కాదు. 2013లో మీకు వచ్చినటువంటి ఉత్తరమే నాకూ వచ్చినప్పుడు, బడి బాగు కోసం కాదు, మనుషుల కోసం పేరు ఇచ్చాను. మరెవ్వరూ పోటీకి రాలేదు కనుక ఎన్నిక లేకుండానే నన్ను తీసుకున్నారు. మా నాన్నగారు మాత్రం తెనాలిలో అందరికీ అమ్మాయి గెలిచిందనే చెప్పుకున్నారు, నేనూ దిద్దలేదు.

మొదటి సమావేశానికి పెద్ద డబ్బా నిండా పులిహోర కలుపుకుని వెళ్లాను. అక్కడ బల్ల మీద నీళ్లు, బిస్కెట్లు, అందరి ముందూ పెన్సిలు గీతలతో నిండిన కాగితాలు ఉన్నాయి. వారం ముందే పంపిన ఆ తొంభై పేజీలను నేను తెరిచి కూడా చూడలేదు. రెండు గంటలసేపు కుర్చీ కిందనే ఉన్న డబ్బా అలాగే ఇంటికి తిరిగి వచ్చింది. అది చాలదన్నట్లు, చివర్లో ‘ఇంకేమైనా ఉన్నదా’ అని ఛైర్, అంటే సభాధ్యక్షుడు, అడగగానే, మా వాడికి చదవడానికి మరీ తేలిక పుస్తకాలు ఇస్తున్నారని మొదలుపెట్టాను. అది క్లాస్ టీచర్‌తో మాట్లాడవలసిన విషయమని ఆయన మర్యాదగానే చెప్పారు. నేను కారులో కూర్చుని ఏడ్చాను. గవర్నర్లు చూడవలసినది ఒక్క పిల్లవాడి సంగతి కాదని, బడి ఎటు పోవాలో నిర్ణయించడం, ఫలితాల విషయంలో హెడ్‌టీచర్‌ను నిలదీసి అడగడం, డబ్బు సరిగా ఖర్చవుతున్నదో లేదో చూడడం వారి పని అని, రోజువారీ నిర్వహణ పూర్తిగా హెడ్‌టీచర్‌దేనని నాకు ఎక్కడానికి ఏడాది పట్టింది. హెడ్‌టీచర్‌ను ‘మేడమ్’ అనడం మాని పేరు పెట్టి పిలవడానికీ అంతే కాలం పట్టింది. మీరు అడిగిన ఇంగ్లీషు కంటే అదే కష్టం.

మూడవ తప్పు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది. ఒక టీచరు మానేస్తున్న సంగతి సమావేశంలో విని, ఆ వారాంతంలో ఉగాది విందులో ఒకే ఒక్క స్నేహితురాలితో అన్నాను. సోమవారం ఉదయానికి అది గేటు దగ్గర అందరి నోటా ఉన్నది. ఛైర్ పిలిచి అడిగితే ఒప్పుకున్నాను. కాబట్టి ఈ పనితో స్నేహాలు పెరుగుతాయని మీరు అనుకుంటున్నది సగమే నిజం. మనవాళ్లు బడి విషయాలు అడుగుతారు, మీకు తెలిసీ చెప్పకూడదు. అలా కూర్చోవడం ఇంకొక రకం ఒంటరితనం. నేను కొంతకాలం విందులకు వెళ్లడమే తగ్గించుకున్నాను.

అయినా మానలేదు, ఎందుకంటే 2014 సెప్టెంబరులో నా నోటి నుంచి మొదటి మంచి ప్రశ్న వచ్చింది. ఆ నెల నుంచే రిసెప్షన్ (ఇయర్ వన్‌కు ముందు తరగతి), ఇయర్ వన్, ఇయర్ టూ పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితమైంది. తక్కువ రాబడి గల ఇళ్ల పిల్లల పేరిట బడికి వచ్చే ప్యూపిల్ ప్రీమియం, ఆ ఏడాది ప్రైమరీలో ఒక్కొక్కరికి 1,300 పౌండ్లు, తల్లిదండ్రులు ఉచిత భోజనానికి అర్హత నమోదు చేయించుకుంటేనే వస్తుంది. ‘అందరికీ ఊరికే పెడుతుంటే ఇక ఆ నమోదు ఎవరు చేయించుకుంటారు?’ అని అడిగాను. గది నిశ్శబ్దమైపోయింది. ఒకసారి అర్హత నమోదైతే ఆరేళ్లపాటు ఆ బిడ్డ లెక్కలో ఉంటుంది కనుక పోయేది చిన్న మొత్తం కాదు. ఆ వారమే ఆఫీసువాళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంపారు. తెనాలిలో పన్నెండేళ్లు డెబిట్, క్రెడిట్ చెప్పినది ఊరికే పోలేదనిపించింది.

నిబంధనలు మీరే చూసుకోగలరు: సాధారణంగా నాలుగేళ్ల పదవి, ఏడాదికి కనీసం మూడు సమావేశాలు (ఆచరణలో అంతకంటే ఎక్కువే ఉంటాయి), డీబీఎస్ తనిఖీ (నేర చరిత్ర ఏమైనా ఉన్నదా అని చూసేది). జీతం ఉండదు. వీసా షరతులను ఒకసారి చదువుకోండి, శిక్షణ గురించి స్కూలునే అడగండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. రెండవ ఏడాది జనవరిలో జ్వరం వచ్చి సమావేశానికి వెళ్లలేకపోయాను. తరువాత వచ్చిన మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినది రాసి పంపే కాగితాల్లో, రానివారి వరుసలో నా పేరు రాసి, కారణం చెప్పారని, సభ అంగీకరించిందని క్లర్క్ నమోదు చేశారు. అది అందరికీ రాసే వాక్యమేనని నాకు తెలుసు. అయినా ఈ దేశంలో నేను ఒక చోట లేనన్న సంగతిని ఎవరైనా కాగితం మీద రాయడం అదే మొదలు కనుక, ఆ పేజీని ఇంకా దాచుకున్నాను. మర్నాడు మా వీధికి రెండు వీధుల అవతల ఉండే గవర్నర్, రిటైరైన నర్సు, జ్వరం తగ్గిందా అని ఫోన్ చేశారు. మా స్నేహం అక్కడ మొదలైంది, నేను 2021లో గవర్నర్ పని మానేశాక కూడా ఆగలేదు.

పేరు ఇవ్వండి. కాగితాలు ముందే చదువుకుని వెళ్లండి, మీ అమ్మాయి సంగతి అక్కడ ఎత్తకండి. పులిహోర మాత్రం జూలైలో జరిగే ఆఖరి సమావేశానికి కలుపుకుని వెళ్లండి, ఆ రోజు తింటారు. పచ్చిమిరపకాయలు సగం తగ్గించండి.