సూది పరీక్షలో క్యాన్సర్ కాదన్నారు, అయినా ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, మాది ఖమ్మం. ఎడమ చెవి తమ్మె కింద ఆరేళ్లుగా గడ్డ ఉంది, నొప్పి లేదు, ఈ మధ్య కొంచెం పెరిగింది. సూది పరీక్షలో ప్లియోమార్ఫిక్ అడినోమా, క్యాన్సర్ కాదు అని వచ్చింది. అయినా డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు. కత్తి పెడితే పాకుతుందని, మూతి వంకరపోతుందని ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చేయించుకోండమ్మా, మీ డాక్టర్ చెప్పింది కరెక్టే. చెవి కింద లాలాజలం తయారుచేసే పరోటిడ్ గ్రంథిలో వచ్చే గడ్డల్లో పదింట ఎనిమిది దాకా క్యాన్సర్ కానివే, మీదీ అదే అయ్యుండొచ్చు, కాకపోతే ఈ గ్రంథుల్లో అడినాయిడ్ సిస్టిక్, లో గ్రేడ్ (తక్కువ తీవ్రత ఉన్న) మ్యూకోఎపిడెర్మాయిడ్ లాంటి కొన్ని క్యాన్సర్లు ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ అచ్చం మామూలు గడ్డలాగే ఉంటాయి, స్కానింగులో కూడా ఒక్కోసారి అంచులు నున్నగానే కనబడతాయి. సూదికి వచ్చేది ఏదో ఒక చోటి నుంచి కాసిని కణాలే, గడ్డ పొర దాటి పక్కకి చొచ్చుకుపోయిందా లేదా అన్నది ఆ స్లైడులో తెలీదు, మొత్తం తీసి బయాప్సీ చేస్తేనే తెలిసేది. పైగా నిజంగా అడినోమానే అయినా ఏళ్లకేళ్లు వదిలేస్తే కొద్దిమందిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. ఆరేళ్ల గడ్డ ఇప్పుడు పెరుగుతోందన్నారే, నా అనుమానం అక్కడే.

ఓసారి అద్దం ముందు నిలబడి కళ్లు గట్టిగా మూయండి, పళ్లు కనబడేలా నవ్వండి. ఎడమ రెప్ప పూర్తిగా మూతపడకపోయినా, మూతి ఒక పక్కకే లాగినా, అక్కడ తిమ్మిరి, నొప్పి మొదలైనా, మెడలో బిళ్లలు తగిలినా ఇంక ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

మూతి సంగతికొస్తే, ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది, సర్జన్ ముందు దాన్ని వెతికి పట్టుకుని, కాపాడుకుంటూ గడ్డని చుట్టూ ఉన్న గ్రంథి భాగంతో సహా తీస్తారు. కొన్ని వారాలో నెలలో మూతి కొంచెం బలహీనంగా ఉండొచ్చు, చాలామందికి సర్దుకుంటుంది. చిన్న గాటు పెట్టి గడ్డ ఒక్కటే గిల్లి తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, పొర చిట్లి కణాలు పడితే ఏళ్ల తర్వాత అక్కడే నాలుగైదు గడ్డలు లేవొచ్చు. కత్తి పెడితే పాకుతుంది అనే మాటలో నిజం ఏమన్నా ఉంటే అది ఇంతే. పసరు కట్లు అసలే వద్దు. ముందు ఎమ్మారై తీయించుకోండి.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలినా కంగారు పడకండి, లో గ్రేడ్ అయ్యి, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేకపోతే చాలామందికి ఆపరేషనే సరిపోతుంది, హై గ్రేడ్ (ఎక్కువ తీవ్రత) అయినా నరం వెంట పాకినా రేడియేషన్ ఇస్తారు. అడినాయిడ్ సిస్టిక్ పదేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో తేలుతుంది కాబట్టి అది అయితే చెకప్‌లు మానకూడదు. రిపోర్టుతో పాటు స్లైడులు, గడ్డ ముక్కలు దాచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి, ఈ గడ్డల విషయంలో ఇంకో పాథాలజిస్ట్‌కి (బయాప్సీ చూసే డాక్టర్‌కి) చూపించాల్సి రావడం మామూలే.