ఆలన బండెక్కే అమ్మాయికి

అమ్మాయీ,

నయంకాని జబ్బుతో మంచాన పడ్డవాళ్లను ఇళ్లకెళ్లి చూసే ఆలన బండిలో సోషల్ వర్కర్‌వి నువ్వు. "నేను చూసిన రోగులంతా పోతున్నారు, ఇక నేను చేసిందేమిటి?" అని అడిగావు. ఆ దిగులు నీ రిజిస్టర్ నుంచే వస్తోంది. అందులో విజిట్ల లెక్క ఉంటుంది, పోయిన తేదీ ఉంటుంది. మధ్యలో నువ్వు చేసింది రాసుకునే గడే లేదు.

వేరే నోట్‌బుక్ పెట్టుకో. బండి తర్వాతి ఊరు చేరేలోపు రెండే వాక్యాలు రాయి: ఈ ఇంట్లో ఇవాళ ఏం తేలింది, ఇంకా ఏం మిగిలింది. పేర్లు వద్దు. "ధైర్యం చెప్పాను" అని రాస్తే నెల తర్వాత అది నీకే ఏమీ గుర్తు చేయదు. "మంచం గుమ్మంవైపు తిప్పించాం, ఇప్పుడు వీధి కనబడుతోంది" అని రాయి. రాత్రికి వాయిదా వేశావా, ఇళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బరువొక్కటే మిగులుతుంది.

1967లో లండన్‌లో, చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ డాక్టర్ కాకముందు ఆసుపత్రిలో మన సోషల్ వర్కర్ పనే చేసింది. ఒంటి నొప్పితోపాటు మనసు, కుటుంబం, నమ్మకం పెట్టే నొప్పినీ కలిపి చూడాలన్నది ఆవిడే. నొప్పి తగ్గించే మార్ఫిన్ వేసుకుంటున్నా రోగి మూలుగు ఆగకపోతే ముందు నర్సుకు చెప్పు. తర్వాత పక్కన కూర్చుని, "మీకు దేని గురించి బెంగగా ఉంది?" అని అడిగి ఊరుకో. ఆ మౌనం భరించలేక మనమే "ఏం కాదులే" అనేస్తాం, అంతటితో ఆయన నోరు కట్టేసినట్టే. ఆగితే వస్తుంది: మాట్లాడటం మానేసిన తమ్ముడు, కూతురి పెళ్లి అప్పు, ఖాతాలో నామినీ లేకపోవడం. నామినీ సంగతి చిన్నదనుకోకు. ఆయన సంతకం చేయగలిగినప్పుడే కానివ్వు, లేకపోతే తర్వాత బ్యాంకు చుట్టూ తిరగాల్సింది భార్యే.

రోగి ఇంట్లో చనిపోతే 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించమని గుర్తుచెయ్యి. పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక ఒక్కసారి వెళ్లు. బండి ఖాళీ లేదని ముందు ఎగ్గొట్టేది ఈ విజిట్‌నే. కనీసం ఫోనైనా చెయ్యి. నువ్వు చేసిందేమిటో ఆ ఇంటివాళ్లు చెప్పేది అప్పుడే.

జేబులోంచి డబ్బివ్వకు. ఒక ఇంటికిస్తే పక్కింటికి ఎందుకివ్వలేదో చెప్పలేవు. రెండు వారాలుగా నిద్ర పట్టకపోతే మాత్రం నోట్‌బుక్ సరిపోదు, డాక్టర్‌ని కలువు.

నెలకోసారి టీమంతా అరగంట కూర్చుని, పోయినవాళ్ల గురించి మాట్లాడుకోండి. డ్రైవర్‌నీ పిలవండి. నువ్వు లోపల ఉన్నంతసేపూ ఆ ఇంటి మగవాళ్లు మనసు విప్పేది బయట అతని దగ్గరే.