చిన్నా, ఆ రంగు డబ్బా మూత ఇంకా తియ్యకు

ఒరేయ్ చిన్నా,

ఆదివారం పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు పాత డైనోసార్ బొమ్మలు కొన్నాడురా తమ్ముడూ, నలభై రెండు. ఆరువందల డాలర్లు. అన్నిటికీ కొత్తగా రంగులేసి అమ్ముతాడట. నువ్వైనా అడుగు" అంది. అక్క కంగారంతా ఆ ఆరువందల గురించే. నాకు పట్టుకున్న టెన్షన్ వేరు.

ముందు ఒక మాట. పోయిన నెల నువ్వు రంగు వేసి ఫోటో పంపిన ఆ మూడంగుళాల రెసిన్ బొమ్మని మీ అత్త ఫోన్‌లో పెద్దది చేసి చూసి "ఇది నన్నే చూస్తోందండీ" అంది. కంట్లో తడి కనిపించేలా రంగు వెయ్యడం మన ఇంట్లో మీ అమ్మమ్మ తర్వాత ఎవరికీ రాలేదు. ఆ ఫోటో గుళ్ళో నలుగురికి చూపించాను, "మా మేనల్లుడు" అని. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. చేత కానివాడివైతే ఒక్క మెసేజ్ పడేసి ఊరుకునేవాణ్ణి.

కానీ కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ మూడు గంటల దారి. ముప్పై ఏళ్ళుగా ఈ బొమ్మలతో తంటాలు పడుతున్న మావయ్య ఒకడు ఇక్కడ ఉన్నాడని నీకు గుర్తు రాలేదా? కొనకముందు ఒక్క ఫోన్ చెయ్యలేవా?

సరే, కొనేశావు. ఇప్పుడైనా రంగు జోలికి పోకముందు ఒక్కొక్క బొమ్మనీ వెల్లకిలా తిప్పి పొట్ట కింద ఏముందో చదువు. నేను చదవలేదు. ఆ సంగతే చెప్తాను.

1990ల చివర్లో ఒక వేసవి. అప్పుడు మేం పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో ఉండేవాళ్ళం. శనివారం పొద్దున పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళడం, క్యాంటీన్‌లో పులిహోర తినడం, అక్కణ్ణించి మీ బావ పేచీ భరించలేక కార్నెగీ మ్యూజియానికి పోయి డైనోసార్ల కింద నిలబడటం, ఇదీ మా వారం. మీ బావకి తొమ్మిదేళ్ళు. ఒకరోజు దారిలో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతున్న గరాజ్ సేల్ కనబడితే ఆగాం. ఒక అట్టపెట్టెలో పదకొండు డైనోసార్లు, మొత్తం ఎనిమిది డాలర్లు. అక్కడక్కడ గోళ్ళ మీద, కొమ్ముల చివర రంగు లేచిపోయింది. అంతే. మిగతాదంతా బాగానే ఉంది. ఆ బాగానే ఉన్నది నా కంటికి ఆనలేదు.

ఎందుకు ఆనలేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. తణుకులో సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మీ అమ్మమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించేది. బొమ్మల కొలువు. కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు, మా తాతమ్మ నాటి చెక్క బొమ్మలు. రంగు వెలిసినది ఏది కనబడ్డా వెంటనే బ్రష్ పట్టుకునేది. "వెలిసిపోయిన బొమ్మని కొలువులో పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" ఏటేటా ఒక పూత. ఒక దశావతారాల సెట్‌లో కూర్మానికి ఎన్ని పూతలు పడ్డాయో, డిప్ప మీద గీతలన్నీ పూడిపోయి చివరికి గారెలా తయారైంది. మాకెవరికీ అది తప్పనిపించలేదు. బొమ్మని బాగా చూసుకోవడం అంటే రంగు వెయ్యడమే అనుకునే ఇంట్లో పెరిగాను. నువ్వూ ఆ ఇంటివాడివే, అదే నా భయం.

దానికి తోడు నా ఉద్యోగం. అప్పట్లో నేను బ్రిడ్జిల పని చూసేవాణ్ణి. తుప్పు ఎలా గీకాలి, ప్రైమర్ ఎంత మందం, దాని మీద ఎన్ని కోట్లు, ఇవి నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఉక్కుకి రంగు వేయించేవాడికి ఇంత ప్లాస్టిక్ బొమ్మ ఒక లెక్కా అనుకున్నాను. గరాజ్‌లో బల్ల వేసి, గరుకు కాగితం తీసి, పదకొండింటినీ రుద్దేశాను రా. పాత రంగు పోవాలిగా మరి! రంగుతో పాటు చర్మం మీది ముడతలు, పొలుసులు, కంటి చుట్టూ గీతలు కూడా పోయాయి. బ్రిడ్జి గడ్డర్‌కి ముడతలు ఉండవు, నాకు అలవాటు లేదు. ఆ తర్వాత హార్డ్‌వేర్ షాపు నుంచి ఎనామెల్ తెచ్చి రెండు కోట్లు దట్టించాను. ఆకుపచ్చ, ఇటుక రంగు, ఒకదానికైతే పిట్స్‌బర్గ్ బ్రిడ్జిల పసుపు.

ఆరలేదు. వారం చూశాను, నెల చూశాను. వేలు పెడితే వేలిముద్ర పడేది. కారణం చాలా ఏళ్ళకి తెలిసింది. ఈ బొమ్మలు మెత్తటి పీవీసీ ప్లాస్టిక్. అది వంగడానికి లోపల ఒక రకం నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఎనామెల్‌లో ఉండే ద్రావకానికీ దానికీ పడదు. అది కింది నుంచి రంగులోకి ఎక్కుతూనే ఉంటుంది, పై పూత గట్టిపడదు. అప్పుడు అది తెలియక, తుడిచేద్దామని మీ అత్త నెయిల్ పాలిష్ రిమూవర్ పోశాను. అందులో ఎసిటోన్ ఉంటుంది. కార్నోటారస్ మూతి బెల్లంపాకంలా జారిపోయింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కాస్త గట్టిపడినట్టు కనిపించిన ఒకదాన్ని, అక్రోకాంతోసారస్‌ని, పౌడర్ అద్ది ఫ్లీ మార్కెట్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, పెట్టాను. ఒకాయన కూతురితో వచ్చాడు. ఎత్తి చూసి "రంగు బాగుంది, దీని వయసుకి" అన్నాడు. నేను "కొత్తదానిలా ఉంది కదా" అన్నాను. అబద్ధం ఆడలేదు చూడు! నలభై డాలర్లు ఇచ్చాడు. మర్నాడు ఆదివారం ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక్కడే. గోటితో తోక కింద ఒక చోట గీకి చూపించాడు. అరవలేదు. "మీకు తెలియదా, లేక చెప్పలేదా?" అని అడిగాడు, అంతే. డబ్బు తిరిగి ఇచ్చేశాను. పొట్ట కింద అక్షరాలు చదివి వినిపించింది కూడా ఆయనే. బాటాట్ కంపెనీ బాస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ కోసం 1990లలో చేసిన సెట్ అది. శిల్పుల్లో ఒకడు డాన్ లోరూసో. ఎక్కువ కాలం చెయ్యలేదు, తర్వాత కలెక్టర్లు వాటి కోసం వెతుక్కుంటూ తిరిగారు. నా పెట్టెలో గాలిమిమస్ ఉంది, దాసెంట్రూరస్ ఉంది, ఊరానోసారస్ ఉంది. గోళ్ళ దగ్గర కాస్త రంగు పోయినా వాటిని కొనేవాళ్ళు బారులు తీరేవాళ్ళు. నేను బాగుచేశాక ఎవరికీ అక్కర్లేకపోయాయి.

నీ బుద్ధి నాకు తెలుసు. "నేను నీలాగా గరుకు కాగితంతో రుద్దను మావయ్యా, నీళ్ళలో కలిపే యాక్రిలిక్ రంగు వాడతాను" అంటావు. బాగా వేస్తావు, నాకు నమ్మకమే. కానీ విలువ సంగతి బాగా వెయ్యడం దగ్గర లేదు. పాత బొమ్మ కొనేవాడు ఫ్యాక్టరీలో పడిన ఆ రంగునే కొంటున్నాడు. నీ రంగు దానికన్నా వందరెట్లు బాగున్నా అతనికి అది వేరే వస్తువు. అరిగిన అసలు రంగు, అందమైన కొత్త రంగు పక్కపక్కన పెడితే అతను అరిగినదాన్నే తీసుకుంటాడు. కొమ్ము చివర ఒక్క చుక్క టచప్ చేసినా అతని లెక్కలో అది రీపెయింటే. యూవీ టార్చి వేస్తే కొత్త రంగు చాలాసార్లు వేరే మెరుపుతో బయటపడుతుంది కూడా.

"పాత రంగులు సైన్స్ ప్రకారం తప్పు, సరిచేస్తాను" అన్నావట, అక్క చెప్పింది. 2010లో ఈకల శిలాజాల్లో రంగు కణాల ఆనవాళ్ళు చూసి సైనోసారోప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్ తోకకి నారింజ ఎరుపు, తెలుపు చారలు ఉండేవని తేల్చారు, నేనూ చదివాను. కానీ నీ పెట్టెలో ఎక్కువ భాగం కార్నెగీ సెట్ అని ఫోటోలో చూశాను. సఫారీ కంపెనీ మన కార్నెగీ మ్యూజియంతో కలిసి 1988లో మొదలుపెట్టి 2015లో ఆపేసింది. అందులో మొదటి టైరనోసారస్ తోక నేలకి ఆనించి నిటారుగా నిలబడి ఉంటుంది చూడు. అప్పట్లో మ్యూజియంలో ఎముకలూ అలాగే నిలబడి ఉండేవి. ఆ జాతికి పేరు పెట్టింది ఏ ఎముకలని చూసో, 1902లో మోంటానాలో దొరికిన ఆ అసలువే అవి. 2007లో హాలు కొత్తగా చేసినప్పుడు వంచి, తోక గాల్లోకి లేపి నిలబెట్టారు. మీ బావ చిన్నప్పుడు తలెత్తి చూసిన ఆ పాత నిలువు ఇప్పుడు ఇలాంటి బొమ్మల్లోనే మిగిలింది. దాన్ని సరిచేస్తే ఇంకేం ఉంటుందిరా?

ఆ సెట్‌లో ఇంకో మెలిక. పొట్ట కింద సంవత్సరం చూసి మోసపోకు. అది శిల్పం చేసిన ఏడాది, బొమ్మ తయారైన ఏడాది కాదు. కంపెనీయే అదే అచ్చుకి మధ్యలో రంగులు మార్చింది. 1988 అని ఉన్నా చాలా తర్వాతి రంగులు ఉండొచ్చు. మొదటి రంగులవి విడిగా తీసి పెట్టు. ఫోటోలో మూల ఒకే రంగులో మామెంచిసారస్ ఒకటి ఉన్నట్టుంది. అది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం ఇన్విక్టా కంపెనీ చేసినది అయితే పొట్ట మీద బ్రిటిష్ మ్యూజియం అని ఉంటుంది. 1974లో మొదలైన ఆ సెట్ పుట్టడమే ఒంటి రంగుతో పుట్టింది. రంగు వెయ్యడం మర్చిపోయారనుకుని నువ్వు పూర్తి చెయ్యబోకు! తర్వాత కంపెనీ రంగులేసినవీ అమ్మింది కాబట్టి, ఎవరైనా రంగుది చూపిస్తే కంపెనీదా ఇంటిదా అన్నది మళ్ళీ వేరే తలనొప్పి.

అసలు వెయ్యొద్దనడం లేదు. ఇప్పటికీ షాపుల్లో దొరికే బొమ్మలు, కాలు విరిగినవి, కుక్క నమిలినవి, ఇదివరకే ఎవరో పాడుచేసినవి, వీటికి పోయే విలువ లేదు, హాయిగా వేసుకో. రెసిన్ కిట్లు రంగు లేకుండానే వస్తాయి, అక్కడ పెయింటర్ చెయ్యి బట్టే ధర. నీ చేతికి డబ్బిచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకి నీ పేరు కావాలి. కాబట్టి రంగేసిన ప్రతి బొమ్మ అరికాలి మీద నీ పొడి అక్షరాలు, సంవత్సరం రాయి. అమ్మే చోట మొదటి లైన్లోనే "రీపెయింట్" అని పెట్టు. నువ్వు అమ్మినవాడు రేపు ఇంకొకడికి అమ్ముతాడు, అప్పుడు చెప్పడానికి నువ్వు అక్కడ ఉండవు. ఈ ఒక్కటి వినకపోతే నేను నిజంగా కోప్పడతాను. ఆ ఫ్లీ మార్కెట్ ఆయన మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, నీకలాంటి మొహం ఒకటి గుర్తుండిపోవడం నాకిష్టం లేదు.

మిగతావి నీకు తెలిసినవే. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్. వంగిన కాళ్ళకి రంగెందుకు, వేడినీళ్ళలో కాసేపు ఉంచి సరిచేసి చన్నీళ్ళలో ముంచితే నిలబడతాయి. రంగు యాక్రిలికే, పల్చటి పూతలు. స్ప్రే ప్రైమర్‌ని ముందు అక్కర్లేని బొమ్మ అరికాలి మీద కొట్టి వారం ఆగు. మెడలో ట్యాగ్ ఉంటే కత్తిరించకు. కిటికీలు తెరిచి పెట్టుకో, నీ ఉబ్బసం సంగతి మీ అమ్మకి గుర్తు చేశానంటే ఆ బ్రష్‌లే పారేస్తుంది.

అన్నిటికన్నా తేలిక పని, వచ్చే శనివారం ఆ పెట్టె కారులో పడేసుకుని రా. ఇద్దరం బల్ల మీద పేర్చి, పొట్టలు చదివి, ముట్టుకోకూడనివి ఒక పక్క, నీ ఇష్టం వచ్చినవి ఒక పక్క పెడదాం. మీ అత్త గోంగూర పప్పు చేస్తానంది. నా పదకొండూ ఇంకా బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి, చెయ్యి సాధన చేసుకోవడానికి తీసుకుపో. వాటికి కొత్తగా పోయేది ఏమీ లేదు.

అతుక్కోకుండా ఉంటాయని అప్పట్లో మీ తాతయ్య పంపిన పాత తెలుగు పేపర్లలో చుట్టి పెట్టాను. పేపర్ అతుక్కుపోయి సిరా దిగిపోయింది. గాలిమిమస్ వీపు దగ్గర అద్దం పట్టుకుంటే "నేటి బంగారం ధర" అని ఇప్పటికీ చదవొచ్చు.

మీ మావయ్య